కోనిఫర్ కలపలో ఒక్క వలయం: కణాల ఆకారం చెప్పేది వేరు, రసాయనం చెప్పేది వేరు

ఉష్ణమండలానికి ఉత్తరాన ఉన్న భూభాగాల్లో 2023 నాటి వేసవి గత 2,000 ఏళ్లలోకెల్లా వేడైనదని 2024లో ఒక అధ్యయనం వెలువడింది. ఆ వార్త చదివినవాళ్లకు వచ్చే మొదటి సందేహం సహజమైనదే. థర్మామీటర్ లెక్కలు విస్తృతంగా దొరికేది 1850 ప్రాంతం నుంచి. అంతకు ముందరి పద్దెనిమిది వందల ఏళ్ల వేసవులను ఎవరు కొలిచిపెట్టారు? చెట్లు. ముఖ్యంగా చలి ప్రాంతాల్లో పెరిగే పైన్, స్ప్రూస్, లార్చ్ లాంటి కోనిఫర్లు, అంటే శంకుధారి చెట్లు.

దీనికి మామూలుగా వినిపించే వివరణ ఒకటుంది: వలయం వెడల్పుగా ఉంటే మంచి ఏడు, సన్నగా ఉంటే చెడ్డ ఏడు. అబద్ధం కాదు గానీ అక్కడితో ఆగితే అసలు సంగతి చేజారుతుంది. ఒకే వలయం లోపల, లేత రంగు పట్టీ నుంచి ముదురు రంగు పట్టీ దాకా వచ్చేసరికి కణం ఆకారం మారుతుంది, దాని గోడ మందం మారుతుంది, గోడలోని రసాయనాల పాళ్లు కూడా కొద్దిగా మారతాయి. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లే గందరగోళమంతా. "ముదురు పట్టీలో లిగ్నిన్ ఎక్కువ, అందుకే అది గట్టిగా ఉంటుంది" అనే మాట చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ మాట ఎందుకు నిలబడదో కింద లెక్క వేసి చూద్దాం.

ఒకే రకం కణం, రెండు పనులు

వెడల్పాటి ఆకుల చెట్ల కలపలో పని పంపకం ఉంటుంది. నీరు మోసే నాళాలు వేరు, బరువు మోసే నారలు వేరు. కోనిఫర్లలో ఆ పంపకం లేదు. కలప ఘనపరిమాణంలో 90 శాతానికి పైగా ఒకే రకం కణాలు: దారుకణాలు, ట్రాకీడ్లు అని కూడా అంటారు. ఒక్కొక్కటి సుమారు 3 నుంచి 4 మిల్లీమీటర్ల పొడవు, 0.03 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే వెడల్పుకు వంద రెట్ల పొడవు. రెండు కొసలూ మూసుకుపోయి, లోపల బోలుగా ఉంటాయి. పని మొదలుపెట్టే నాటికే చనిపోయి ఉంటాయి. నీరు పైకి వెళ్లేదీ వీటి బోలులోంచే, చెట్టు నిలబడేదీ వీటి గోడల మీదే. మిగిలిన కొద్ది శాతంలో మాను మధ్య నుంచి బెరడు వైపు సాగే సన్నటి కిరణాలు, పైన్, స్ప్రూస్, లార్చ్, డగ్లస్ ఫర్ లాంటి వాటిలో రెజిన్ కాలువలు ఉంటాయి.

బెరడు కింద కేంబియం అనే పలచని కణపొర ఉంటుంది. కొత్త కణాలు పుట్టేది అక్కడే. అది విభజన చెందుతూ లోపలి వైపుకు దారుకణాలను ఒకదాని తర్వాత ఒకటిగా వదులుతుంది. అందుకే నున్నగా చెక్కిన అడ్డుకోతను సూక్ష్మదర్శిని కింద పెడితే కణాలు చెల్లాచెదురుగా కనిపించవు. మాను మధ్య నుంచి బెరడు దాకా తిన్నటి వరసల్లో ఉంటాయి. ఒక వరసను పట్టుకుని లోపలి నుంచి బయటకు వస్తే మొదట పెద్ద పెద్ద చతురస్రాల్లాంటి కణాలు, వాటి గోడలు పలచన, లోపలంతా ఖాళీ. బయటికి వచ్చేకొద్దీ ఆ చతురస్రాలు వరస దిశలో నొక్కుకుపోయి, బెరడు వైపు చేరేసరికి సన్నటి చీలికల్లా మిగులుతాయి. ఆ వెంటనే, మధ్యలో ఏమీ లేకుండా, మళ్లీ పెద్ద చతురస్రం. పాత ఏడు అక్కడితో అయిపోయి కొత్త ఏడు మొదలైంది.

ముదురు పట్టీ చలికాలం కాదు

పెద్ద కణాల లేత పట్టీని తొలి కలప అనీ, చిన్న కణాల ముదురు పట్టీని మలి కలప అనీ ఈ వ్యాసంలో పిలుద్దాం. వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో వసంతదారువు, శరద్దారువు అని ఉంటాయి. ఆ పేర్లు చూసి ముదురు పట్టీ చలికాలంలో తయారైందనుకునేవాళ్లు ఎక్కువ. చలి ప్రాంతాల కోనిఫర్లో కేంబియం శీతాకాలమంతా నిద్రలోనే ఉంటుంది. ముదురు పట్టీ వేసవి నడిమి నుంచి శరదృతువు మొదటి రోజుల దాకా తయారవుతుంది. చలికాలానికి వలయంలో దక్కేది మందమే లేని ఆ సరిహద్దు గీత మాత్రమే.

తొలి కలప నుంచి మలి కలపకు మారే తీరు చెట్టును బట్టి ఉంటుంది. స్ప్రూస్, ఫర్‌లలో మార్పు మెల్లగా జరుగుతుంది. లార్చ్‌లో, డగ్లస్ ఫర్‌లో కోసినట్టు మారిపోతుంది. కలపను గుర్తుపట్టేవాళ్లు మొదట చూసే లక్షణాల్లో ఇదొకటి.

కణం పుట్టుక నుంచి చావు దాకా

ప్రతి దారుకణమూ కొన్ని దశలు దాటుతుంది: విభజన, పెరుగుదల, గోడ మందమెక్కడం, లిగ్నిన్ పట్టడం, చివరికి లోపలి జీవపదార్థం కరిగి చనిపోవడం.

పెరుగుదల దశలో కణం చుట్టూ పలచని ప్రాథమిక గోడ మాత్రమే ఉంటుంది. లోపలి నీటి ఒత్తిడికి ఆ గోడ సాగుతుంది. కాబట్టి కణం ఎంత పెద్దదవుతుందనేది ఆ రోజుల్లో చెట్టుకు అందిన నీటి మీదా, ఆక్సిన్ లాంటి హార్మోన్ల మీదా, ఈ దశ ఎన్నాళ్లు సాగిందనే దాని మీదా ఆధారపడుతుంది. తొలి కలప కణాలు ఈ దశలో వారాల తరబడి గడుపుతాయి. మలి కలప కణాలకు దొరికేది కొద్ది రోజులే. గోడ మందమెక్కే దశ దీనికి తలకిందులు. తొలి కలప కణం ఆ పనిని తొందరగా ముగిస్తుంది, మలి కలప కణానికి నెలా రెండు నెలలు పట్టవచ్చు.

దీనివల్ల వచ్చే ఒక చిక్కు 2015లో వెలువడిన పరిశోధనతో స్పష్టమైంది. హెన్రీ క్యూనీ, మరికొందరు శాస్త్రవేత్తలు కోనిఫర్ అడవుల్లో వారం వారం నమూనాలు తీసి చూస్తే, మాను చుట్టుకొలత పెరగడానికీ అందులో నిజంగా కలప పదార్థం చేరడానికీ మధ్య నెలకు పైగా తేడా కనిపించింది. లావెక్కడం ముందు, బరువెక్కడం తర్వాత. అడవి ఎప్పుడు ఎంత కార్బన్‌ను కలపలో దాచుకుంటుందో మాను చుట్టూ పట్టీ కట్టి కొలిచేవాళ్లు ఈ నెల తేడాను లెక్కలోకి తీసుకోకపోతే తప్పుడు నెలకు తప్పుడు అంకె రాసుకుంటారు.

గోడ సామగ్రి పెరిగిందా, కణం చిన్నదైందా

మలి కలప గోడలు మందంగా కనిపిస్తాయి కాబట్టి ఆ కణాలకు చెట్టు ఎక్కువ పదార్థం ఖర్చుపెట్టిందనుకుంటాం. లెక్క వేసి చూద్దాం. అంకెలు సులువు కోసం తీసుకున్నవే గానీ నిజమైన కణాల కొలతలకు దగ్గరివే.

తొలి కలప కణం అడ్డుకోత 30 మైక్రోమీటర్లు × 40 మైక్రోమీటర్లు, గోడ మందం 2 మైక్రోమీటర్లు అనుకుందాం. మొత్తం విస్తీర్ణం 1,200 చదరపు మైక్రోమీటర్లు. రెండు వైపులా గోడ తీసేస్తే బోలు 26 × 36, అంటే 936. మిగిలిన 264 గోడది.

మలి కలప కణానికి 30 మైక్రోమీటర్ల కొలత అలాగే ఉంటుంది. తగ్గేది వరస దిశలోని కొలతే. దాన్ని 15 అనుకుందాం. గోడ మందం 3.5. మొత్తం 450, బోలు 23 × 8, అంటే 184. గోడకు 266.

264, 266. రెండు కణాల్లోనూ గోడ పదార్థం దాదాపు ఒకటే. అవే ఇటుకలతో పెద్ద గది కడితే గోడ పలచన, చిన్న గది కడితే గోడ మందం, జరిగింది అంతే. అయితే సాంద్రతలో వచ్చే తేడా మామూలుది కాదు. ఏ చెట్టు కలప తీసుకున్నా బోలు తీసేసిన వట్టి గోడ పదార్థం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.5 గ్రాములు. మొదటి కణంలో గోడ వాటా 22 శాతం, అంటే సాంద్రత 0.33. రెండో కణంలో 59 శాతం, అంటే 0.89. అదనపు ఖర్చు లేకుండానే రెండున్నర రెట్లకు పైగా బరువైన కలప వచ్చింది.

క్యూనీ బృందం 2014లో తేల్చినదీ ఇదే. వలయం లోపల ఒక్కో కణానికి దక్కే గోడ పదార్థం చాలా దూరం వరకు దాదాపు మారదు, సాంద్రత పెరగడంలో పెద్ద పాత్ర కణం చిన్నదవడానిదే. దీన్నిబట్టి "గోడ మందానికి ప్రాధాన్యం లేదు" అని తేల్చేయకూడదు. అదొక వలయం లోపలి పోలిక. ఒక ఏటి మలి కలపను మరో ఏటి మలి కలపతో పోల్చేటప్పుడు కథ మారుతుంది. ఉత్తరార్ధగోళపు కోనిఫర్ల మీద 2017లో వచ్చిన విస్తృత పరిశీలనలో తొలి కలప సాంద్రత ఏటేటా మారడానికి కారణం కణం పరిమాణమనీ, మలి కలప సాంద్రత మారడానికి కారణం గోడ మందమనీ తేలింది. రెండు ఫలితాలూ పైకి కొట్టుకున్నట్టు కనిపిస్తాయి. అడిగిన ప్రశ్నలే వేరు కాబట్టి రెండూ నిజమే.

తొలి కలప ఎక్కడ ఆగుతుంది

మార్పు మెల్లగా జరిగే స్ప్రూస్‌లో సరిహద్దు ఎక్కడ గీయాలి? నార్వేకు చెందిన ఎలియాస్ మోర్క్ 1928లో ఒక కొలబద్ద ఇచ్చాడు. పక్కపక్క కణాల మధ్య ఉండే ఉమ్మడి గోడ మందాన్ని రెండుతో గుణించాలి. వచ్చింది బోలు వెడల్పుకు సమానమైనా, మించినా అది మలి కలప. పై ఉదాహరణలో తొలి కణానికి ఉమ్మడి గోడ 4, దానికి రెట్టింపు 8, బోలు 36. కాబట్టి తొలి కలపే. రెండో కణానికి ఉమ్మడి గోడ 7, రెట్టింపు 14, బోలు 8, మలి కలప.

ఈ సూత్రాన్ని ఉమ్మడి గోడకు కాకుండా ఒంటి గోడకు వర్తించేవాళ్లూ ఉన్నారు. అప్పుడు సరిహద్దు జరుగుతుంది, మలి కలప శాతం మారుతుంది. రెండు పరిశోధనల అంకెలు పోల్చేముందు ఎవరు ఏ పద్ధతి వాడారో చూడకపోతే లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. నా దృష్టిలో మోర్క్ సూత్రం ప్రకృతిలో ఉన్న గీత కాదు, మనుషులు కుదుర్చుకున్న ఒప్పందం. అలా చూస్తే దాంతో పేచీ ఉండదు.

గోడ లోపలి పొరలు, వాటి రసాయనం

ఇప్పుడు గోడలోకే వెళ్దాం. రెండు కణాల మధ్య వాటిని అంటిపెట్టే మధ్య పటలిక. దానికి అటూ ఇటూ పలచని ప్రాథమిక గోడ. లోపల ద్వితీయ గోడ, అందులో ఎస్1, ఎస్2, ఎస్3 అని మూడు పొరలు. వీటిలో ఎస్2 ఒక్కటే గోడ మందంలో నాలుగింట మూడు వంతులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కలప బలం, వంపు, ఎండినప్పుడు కుదించుకుపోయే తీరు చాలావరకు ఈ పొర చేతిలోనే ఉంటాయి.

పదార్థాల పాళ్లు చూస్తే కోనిఫర్ కలపలో సెల్యులోజ్ 40 నుంచి 45 శాతం, హెమీసెల్యులోజ్‌లు 25 నుంచి 30, లిగ్నిన్ 25 నుంచి 33. రెజిన్ లాంటివి సాధారణంగా కొద్ది శాతం. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ అణువులు తిన్నగా గొలుసుకట్టిన పదార్థం. ఆ గొలుసులు కట్టలుగా చేరి సుమారు 3 నానోమీటర్ల మందాన సూక్ష్మతంతువులవుతాయి. వాటిని లాగితే తెగడం కష్టం. హెమీసెల్యులోజ్‌లు పొట్టి గొలుసులు. కోనిఫర్లలో మన్నోజ్ చక్కెర ఎక్కువగా ఉండే గెలాక్టోగ్లూకోమన్నాన్‌ది పెద్ద వాటా. లిగ్నిన్ చక్కెర కాదు. ఫీనాల్ వలయాలు అడ్డదిడ్డంగా ముడిపడి ఏర్పడిన వల లాంటి అణువు. తంతువుల మధ్య ఖాళీలు నింపి గోడను బిగువుగా చేస్తుంది, నీటిని దూరం పెడుతుంది. కోనిఫర్ లిగ్నిన్ దాదాపు పూర్తిగా కోనిఫెరిల్ ఆల్కహాల్ నుంచి తయారవుతుంది. ఆ అణువులో ఖాళీగా ఉండే ఒక స్థానం వల్ల ముడులు మరింత బిగుస్తాయి. కాగితం మిల్లులకు కోనిఫర్ల పొడుగాటి నార ఇష్టమే గానీ, వాటి లిగ్నిన్‌ను తొలగించడం వెడల్పాటి ఆకుల చెట్ల లిగ్నిన్‌ను తొలగించడం కన్నా కష్టం కావడానికి కారణం ఇదే.

ఎస్2లో సూక్ష్మతంతువులు కణం నిలువు అక్షానికి ఎంత వాలుగా చుట్టుకున్నాయన్నది ఇంకో కీలకం. వాలు తక్కువైతే కలప నిలువునా బిగువుగా ఉంటుంది, పొడవులో కుదించుకుపోదు. మలి కలపలో ఈ వాలు తొలి కలపలో కన్నా తక్కువ. చెట్టు చిన్నతనంలో, మాను మధ్యన ఏర్పడిన వలయాల్లో చాలా ఎక్కువ. అక్కడి నుంచి కోసిన పలకలు ఎండితే మెలికలు తిరగడం అందుకే.

మరి లిగ్నిన్ ఎక్కడ ఎక్కువ

ఇక మొదట వాయిదా వేసిన లెక్క. లిగ్నిన్ అన్ని పొరల్లో సమానంగా ఉండదు. మధ్య పటలికలో, ముఖ్యంగా నాలుగు కణాలు కలిసే మూలల్లో, దట్టంగా ఉంటుంది. ద్వితీయ గోడలో పలచన. 1969లో నల్ల స్ప్రూస్ మీద అతినీలలోహిత సూక్ష్మదర్శినితో చేసిన కొలతల్లో ద్వితీయ గోడలో లిగ్నిన్ సుమారు 22 శాతమే ఉన్నట్టు తేలింది. అది తొలి కలపలోనూ మలి కలపలోనూ దాదాపు ఒకటే.

ద్వితీయ గోడకు 22 శాతం, మధ్య పటలిక, మూలలు కలిపి సగటున 60 శాతం అనుకుందాం. తొలి కలపలో గోడ పలచన కాబట్టి మొత్తం గోడ పదార్థంలో ఆ అంటు పొర వాటా సుమారు 13 శాతం. మలి కలపలో గోడ మందం కాబట్టి 6 శాతమే.

తొలి కలప: 87 శాతానికి 22 చొప్పున 19.1, 13 శాతానికి 60 చొప్పున 7.8. మొత్తం దాదాపు 27 శాతం.
మలి కలప: 94 శాతానికి 22 చొప్పున 20.7, 6 శాతానికి 60 చొప్పున 3.6. మొత్తం 24 శాతం చిల్లర.

అంటే ముదురు పట్టీలో లిగ్నిన్ పాలు తక్కువే. అది గట్టిగా ఉండేది, ముదురుగా కనిపించేది అక్కడ గోడ పదార్థం కిక్కిరిసి ఉండటం వల్ల. ఘన సెంటీమీటరు కలపలో ఎన్ని గ్రాముల లిగ్నిన్ ఉందని అడిగితే మాత్రం మలి కలపదే పైచేయి, ఎందుకంటే అక్కడ అన్నీ ఎక్కువే. శాతం అడుగుతున్నామా, గ్రాములు అడుగుతున్నామా అన్నది తేల్చుకోకుండా వాదించుకుంటే ఇద్దరూ గెలుస్తారు. ఇంకో విషయం: మధ్య పటలికలో దట్టంగా ఉన్నా, చెట్టు మొత్తం లిగ్నిన్‌లో అధిక భాగం ఉండేది ద్వితీయ గోడలోనే. అక్కడ పలచనే గానీ చోటు చాలా ఎక్కువ.

ఆరుబయట ఏళ్ల తరబడి ఎండా వానా తిన్న పైన్ పలకను వేలితో తడిమితే గట్లూ గాళ్లూ తగులుతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు లిగ్నిన్‌ను విరగ్గొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది. పలచని గోడల తొలి కలప ముందు అరిగి గాడి పడుతుంది, మలి కలప గట్టులా నిలుస్తుంది.

నీరు ఎటు పోతుంది

సన్నటి గొట్టంలో ప్రవాహం దాని వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 30 మైక్రోమీటర్ల బోలు, 10 మైక్రోమీటర్ల బోలుకు మూడు రెట్లు. ప్రవాహం 81 రెట్లు. వేసవి మొదట్లో కొత్త సూది ఆకులు విచ్చుకుంటూ నీటి అవసరం విపరీతంగా ఉన్నప్పుడు చెట్టు పెద్ద గొట్టాలు కట్టుకోవడం దానికి లాభమే. నిజమైన కలపలో తేడా అంత ఉండదు. డగ్లస్ ఫర్‌లో ఒకే విస్తీర్ణానికి లెక్క కడితే తొలి కలప దాదాపు 11 రెట్లు ఎక్కువ నీరు పంపుతుందని కొలిచారు. చిన్న కణాలు అదే చోటులో ఎక్కువ పట్టడం ఒక కారణం. కణం నుంచి కణానికి నీరు దాటే గర్తాలు, అంటే గోడలోని చిన్న కంతలు, అడ్డుపడటం మరో కారణం.

ఆ గర్తాల నిర్మాణం ఆగి చూడదగ్గది. గుండ్రటి కంత మధ్యలో మందపాటి బిళ్ల, దాన్ని చుట్టూ పట్టుకున్న తంతువుల వల. నీరు వలలోంచి పోతుంది. పక్క కణంలోకి గాలి చొరబడితే ఒత్తిడి తేడాకు బిళ్ల ఒక పక్కకు జరిగి కంతను మూసేస్తుంది. నష్టం ఆ కణంతో ఆగుతుంది. తొలి కలపలో ఈ వల మెత్తన, మలి కలపలో బిరుసు. కొట్టేసిన కలప ఎండేటప్పుడు తొలి కలప బిళ్లలు చాలావరకు మూసుకుపోతాయి, మలి కలపవి కొన్ని తెరిచే ఉంటాయి. ఫలితంగా బతికున్నప్పుడు నీరు బాగా మోసిన తొలి కలప, ఎండిన పైన్‌లో చెదల మందును లోపలికి రానివ్వదు. మందు ముందుగా ఎక్కేది ముదురు పట్టీలోకి.

కళ్లను మోసం చేసేవి

ముదురుగా ఉన్నదల్లా మలి కలప కాదు. ఒరిగిన చెట్టు కింది పక్కన ఏర్పడే ఒత్తిడి కలప కూడా ముదురే. అందులో కణాలు గుండ్రంగా, మధ్యలో సందులతో ఉంటాయి, ఎస్3 పొర ఉండదు, తంతువుల వాలు 45 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ముదురు రంగుకు అదనపు లిగ్నిన్ కారణమయ్యేది ఇక్కడ. దాని పాలు 35 శాతం దాటవచ్చు. ఎండినప్పుడు పొడవులో కుదించుకుపోయే పాడు గుణం దీనిది. చేవ రంగు మరో కథ. మాను నడిమి భాగంలోకి పైన్‌లో పినోసిల్విన్ లాంటి ఫీనాల్ పదార్థాలు తర్వాతెప్పుడో చేరతాయి. వాటికి వలయాల హద్దులతో పనిలేదు.

వేసవి నడుమ కరువొచ్చి మళ్లీ వానపడితే ఒకే ఏట రెండు ముదురు పట్టీలు వస్తాయి. ఇది దొంగ వలయం. మరీ గడ్డు ఏట మాను కింది భాగంలో వలయమే పడకపోవచ్చు. పెరిగే కాలంలో గడ్డకట్టే చలి కొడితే ఇంకా గోడ బిగియని కణాలు నలిగిపోతాయి. అమెరికా పశ్చిమ పర్వతాల బ్రిజిల్‌కోన్ పైన్లలో ఇలాంటి మంచు వలయాలు పెద్ద అగ్నిపర్వత విస్ఫోటనాల తర్వాతి ఏళ్లతో సరిపోలుతున్నాయని 1984లో గమనించారు.

నాకు వీటన్నిటిలోనూ ఆసక్తి కలిగించేది నీలి వలయం. పలచని కలప కోతకు సఫ్రానిన్, ఆస్ట్రా బ్లూ అనే రెండు రంగులు అద్దుతారు. లిగ్నిన్ పట్టిన గోడ ఎర్రబడుతుంది, పట్టని సెల్యులోజ్ నీలమవుతుంది. మామూలు వలయమంతా ఎరుపే. కొన్ని ఏళ్లలో మాత్రం మలి కలప చివర నీలి గీత కనిపిస్తుంది. అక్కడి కణాలు ఆకారంలో మామూలుగానే ఉంటాయి. లోటు రసాయనంలోనే. లిగ్నిన్ పట్టే ప్రక్రియ మూలల్లో, మధ్య పటలికలో మొదలై లోపలికి సాగుతుంది, సెల్యులోజ్ పేరుకున్న చాలా రోజులకు గానీ పూర్తవదు. ఈలోపు చలి ముంచుకొస్తే పని సగంలో ఆగిపోతుంది. 2015లో ఈ పేరు పెట్టాక పాత చలి వేసవుల కోసం వీటిని వెతకడం ఊపందుకుంది.

సాంద్రత నుంచి ఉష్ణోగ్రతకు

ఫ్రాన్స్‌లోని నాన్సీలో 1960లలో యూబేర్ పోల్జ్ పలచని కలప ముక్కల గుండా ఎక్స్‌కిరణాలు పంపి, వలయం పొడవునా సాంద్రత గీసే పద్ధతి తెచ్చాడు. ఆ గీతలో ప్రతి ఏటా వచ్చే శిఖరం మలి కలప గరిష్ఠ సాంద్రత. చలి ప్రాంతాల్లో వేసవి వెచ్చగా, పొడుగ్గా ఉంటే చివరి కణాలకు గోడ కట్టుకునే వ్యవధి దొరుకుతుంది, శిఖరం ఎత్తవుతుంది. వలయం వెడల్పు కిందటేటి నిల్వల్ని కూడా మోసుకొస్తుంది కాబట్టి ఒక చెడ్డ ఏటి ప్రభావం తర్వాతి ఏళ్లలోకి పాకుతుంది. గరిష్ఠ సాంద్రతలో ఆ పాకుడు తక్కువ. లిగ్నిన్ నీలి కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి, నున్నగా చేసిన చెక్కను స్కాన్ చేసి నీలి కాంతి ఎంత తిరిగొస్తుందో కొలిచే చవక పద్ధతి 2002 నుంచి వాడుకలోకి వచ్చింది. చేవ రంగు, రెజిన్ మరకలు దాన్ని తప్పుదారి పట్టిస్తాయి.

ఇక్కడొక నిజమైన చిక్కుంది. ఉత్తరాన ఎత్తు అక్షాంశాల్లో 1960 తర్వాత థర్మామీటర్లు చూపినంత వేడిని చెట్ల సాంద్రత చూపడం లేదని 1998లో కీత్ బ్రిఫా, సహచరులు రాశారు. వేడి పెరిగి నీరు చాలని స్థితి వచ్చిందని కొందరంటారు. వాతావరణంలో ధూళి పెరిగి సూర్యకాంతి తగ్గిందని మరికొందరు. చెట్టు వయసుతో వచ్చే మార్పును లెక్కలోంచి తీసేసే గణిత పద్ధతిలోనే లోపముందని ఇంకొందరు. అన్నిచోట్లా ఈ తేడా కనిపించకపోవడం మూడో వాదనకు కొంత బలం. అయితే కొన్ని తావుల్లో పద్ధతి మార్చినా తేడా పోదు. ఒకే కారణం అన్నిటికీ సరిపోతుందని నేను అనుకోను.

ఏళ్లు తప్పిపోయాయా: రసాయనం తీర్చిన తగువు

1257లో ఇండోనేషియాలో సమలాస్ అగ్నిపర్వతం పేలింది. కంప్యూటర్‌ వాతావరణ నమూనాల ప్రకారం ఆ తర్వాత భూమి బాగా చల్లబడాలి. వలయాల వెడల్పు ఆధారంగా వేసిన లెక్కలు అంత చలి చూపలేదు. అంత చలిలో చాలా చెట్లు వలయమే వేయలేదేమో, దాంతో అంతకు ముందరి వలయాల తేదీలన్నీ ఏడాది చొప్పున జరిగాయేమో అని 2012లో వాతావరణ శాస్త్రవేత్త మైకేల్ మాన్, మరి ఇద్దరు వాదించారు. వలయశాస్త్రజ్ఞులు అదే ఏడు గట్టిగా ఎదురు చెప్పారు. ఒక చెట్టులో లేని వలయం పక్క చెట్టులో ఉంటుంది, వందల చెట్లను పోల్చి తేదీ వేస్తాం, ప్రాంతమంతా ఒకేసారి ఏడు మాయమవదు అన్నది వాళ్ల జవాబు. చలి తక్కువ కనిపించడానికి వెడల్పులోని ఆ పాకుడు గుణమే చాలన్నారు.

తేదీల సంగతి తేల్చడానికి కణాల ఆకారం సరిపోలేదు. 2012లోనే ఫుసా మియాకే బృందం జపాన్ సెడార్ వలయాల్లో క్రీ.శ. 774, 775 మధ్య రేడియోధార్మిక కార్బన్ అయిన కార్బన్-14 ఉన్నట్టుండి పెరిగినట్టు కనుక్కుంది. అంతరిక్షం నుంచి వచ్చిన కణాల వరద వల్ల జరిగినది కాబట్టి ఆ గుర్తు ప్రపంచమంతటా ఒకే ఏట పడాలి. వలయం నుంచి వేరు చేసిన సెల్యులోజ్‌లో దాన్ని కొలవొచ్చు. సెల్యులోజ్ ఒకసారి గోడలో కుదురుకుంటే రెజిన్‌లా వలయాలు దాటి తిరగదు. 2018లో ఐదు ఖండాలకు చెందిన 44 వలయమాలికల్ని, అంటే ఏడు వారీగా తేదీలు వేసిన వలయాల వరసల్ని, ఇలా పరీక్షించారు. 774 నాటి పెరుగుదల, దాని తర్వాతి 993 నాటి పెరుగుదల ఆ మాలికల్లో తమతమ ఏళ్లలోనే దొరికాయి. రెండు ఏళ్లూ 1257కు ముందువే. నడుమ ఏ ఏడైనా తప్పిపోయి ఉంటే ఆ గుర్తులు ఒక్క ఏడాదైనా పక్కకు జరిగేవి. 774లో పెరుగుదల ఉత్తరార్ధగోళపు వేసవిలో మొదలైందని కూడా ఆ కొలతలు చెప్పగలిగాయి. తేదీల తగువు అలా ముగిసింది. అగ్నిపర్వతాల తర్వాత చలి ఎంత అన్న లెక్క మాత్రం ఇంకా మలి కలప చివరి కణాల గోడలు కొలుస్తూ సవరించుకుంటున్నారు.